అంతిమయాత్రలో ఆగిన బండి

ఆదివారం పొద్దున్నే సెతున్యా జొన్నగంజి కలుపుతూ తలుపు పక్కనున్న మేకు వైపు చూసింది. రోజూ అక్కడ వేలాడే కారు తాళం లేదు.

“గొరాతా, తాళం ఏదే? చర్చికి టైమవుతోంది.”

కూతురు టీ కప్పులోంచి తలెత్తలేదు. “నా దగ్గరుంది. ఇక నుంచి నా దగ్గరే ఉంటుంది.”

గంజిలో గరిటె ఆగిపోయింది.

మొచూడి ఊళ్ళో ఆ వీధికి వచ్చిన మొదటి కొత్త ఎస్‌యూవీ వాళ్ళదే. గొరాత ఆఫీసు బస్సులో రాజధాని గాబరోన్ వెళ్ళేది, బండి తల్లి చేతికి ఇచ్చేది. నిన్న తెల్లారకముందే పక్కింటి గావొనె భర్తను సాగనంపారు. శవవాహనం వెనక బండ్లన్నీ లైట్లు వేసుకుని నడకలా కదులుతున్నాయి. సెతున్యా ముసలమ్మలను ఎక్కించుకుని ముందు వరసలోనే ఉంది. ఉన్నట్టుండి లైట్లు ఆరాయి, స్టీరింగు పక్కనున్న తెర నల్లబడింది, బండి ఇరుకు దారికి అడ్డంగా బిగుసుకుపోయింది. శవవాహనం వెళ్ళిపోయింది. వెనకున్న వాళ్ళంతా చిక్కుకుపోయారు. శ్మశానంలో ఇంకో కుటుంబం వరసలో ఉండటంతో పాస్టరు ఆగలేదు. గావొనె సొంత చెల్లెళ్ళు బావ సమాధి మీద పిడికెడు మట్టి కూడా వేయలేకపోయారు.

“నేనేం నొక్కలేదే. అదే ఆగిపోయింది,” అంది సెతున్యా.

“కిటికీ అదే దిగిందన్నావు. హారన్ అదే మోగిందన్నావు. కొత్త బండమ్మా అది! దయ్యం పట్టిందా?”

“పట్టిందేమో, నాకేం తెలుసు? కొన్నదానివి నువ్వు.”

“బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఊరికే… మతిమరుపేమైనా ఉందేమో చూస్తారంతే.”

సెతున్యా పొయ్యి ఆపేసింది. “నాకు మతిమరుపా? నిన్న ఆ చావింట్లో వంటకు ఎవరి మూడుకాళ్ళ కుండ వచ్చిందో, ఏది ఎవరికి తిరిగివ్వాలో చెప్పనా? ఆ కుండలన్నీ సర్దింది నేనే.”

అప్పుడే ఆమె తమ్ముడు ఓతెంగ్ పాత పికప్పు దగ్గుకుంటూ వచ్చి గుమ్మం ముందు ఆగింది. “గంజి ఉందా అక్కా?” అంటూ లోపలికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి టోపీ తీశాడు.

“మామయ్యా, నువ్వైనా చెప్పు. అమ్మ చేతికి ఇక బండి వద్దు.”

“ఏం కోడలా, నా పికప్పూ ముసలిదే, మీ అమ్మా ముసలిదే. రెండూ ఇంకా స్టార్టవుతున్నాయిగా?” నవ్వించబోయాడు, ఎవరూ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. “గావొనె ఇంట్లో ఆడాళ్ళు కూడా అదే అంటున్నారక్కా. నీకు మతి తప్పిందట. నిన్న గేటు దగ్గర చేతులు కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయావట.”

“మట్టి వెయ్యని చేతులు ఎలా కడుక్కోనురా?” అంది సెతున్యా. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు చావింటి గేటు దగ్గర, కలబంద ముక్కలు వేసిన తొట్టి నీళ్ళలో చేతులు కడుక్కునే లోపలికి వెళ్ళాలి. ఆ తొట్టి దగ్గర కాసేపు నిలబడి, తల దించుకుని ఇంటికి వచ్చేసింది ఆమె. ఇప్పుడు చర్చి మాట మానేసి, కుండలు తిరిగిచ్చే పనుందంటూ శాలువా కప్పుకుని తమ్ముడి పికప్పు ఎక్కింది. కూతురి వైపు చూడను కూడా లేదు.

గొరాత ఒంటరిగా ఎస్‌యూవీలో చర్చికి బయల్దేరింది. చలికాలపు పొగమంచు, లైట్లు వేసుకుంది. దారి నిండా ఆవుల మంద అడ్డొచ్చింది. దాని వెనకే అంగుళం అంగుళం కదులుతుండగా లైట్లు ఆరిపోయాయి. తెర నల్లబడింది. బండి ఆగిపోయింది. పక్క కిటికీ మెల్లగా దానంతటదే దిగిపోయింది. చల్లగాలి లోపలికొచ్చింది, దాంతోపాటు ఒక ఆవు మూతి కూడా.

“నేనేం నొక్కలేదు!” అని అరిచింది గొరాత, ఆవుతో.

తన నోటివెంట వచ్చింది అచ్చం తల్లి మాటే. ఆమె ఫోను తీసింది.

బండి కొన్న కొత్తలో ఆమె ఓనర్ల వాట్సాప్ గ్రూపులో చేరింది. రిబ్బను కట్టిన బండి ఫోటో పెట్టి, మెచ్చుకోళ్ళన్నీ అందుకుని, గ్రూపును మ్యూట్‌లో పెట్టేసింది. ఇప్పుడు తెరిచింది. ఫ్రాన్సిస్‌టౌన్ నుంచి ఎవరో ఆవిడ: “స్కూలు ముందు క్యూలో ఆగిపోయిందండీ, పిల్లలు ఒకటే ఏడుపు.” ఇంకొకాయన: “లైట్లు వేసుకుని నెమ్మదిగా వెళ్తేనే ఇలా అవుతోంది. పాపం మా ఆవిణ్ణి అనవసరంగా తిట్టాను.” పైకి జరిపేకొద్దీ అవే గొంతులు, వారాల తరబడి.

కంపెనీ నిద్రపోయిందనుకుందాం, నువ్వెందుకు నిద్రపోయావే అని తనను తానే తిట్టుకుంది. బండిని ఆవులకు వదిలేసి నడక మొదలుపెట్టింది.

గావొనె వాకిట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. సెతున్యా గేటు బయటే నిలబడి, ఏ కుండ ఎవరిదో ఓతెంగ్‌కు చెబుతోంది. గొరాత నేరుగా లోపలికెళ్ళి నేల మీద మోకరిల్లింది.

“గావొనె పెద్దమ్మా, మా అమ్మకు మతి తప్పలేదు. బండిలోనే లోపముంది. ఇందాక నా చేతిలోనూ ఆగిపోయింది. ఇంకా చాలామందికి ఇలాగే అయిందట. అమ్మ చెబుతూనే ఉంది, నేనే చెవిన పెట్టలేదు. తప్పు నాది.”

నల్ల బట్టల్లో ఉన్న గావొనె తలెత్తి చూసింది. “తప్పెవరిదైతేనేం. నా చెల్లెళ్ళు వెయ్యాల్సిన మట్టి?”

ఎండ పొడ గేటు దాకా వచ్చింది. చివరికి గావొనె చిన్న చెల్లెలే లేచి శాలువా సర్దుకుంది. “ఇప్పుడు వేస్తే ఆయన వద్దంటాడా?”

ఓతెంగ్ పికప్పు తాళం మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండు చేతులతో తల్లికి అందించింది. సెతున్యా వెంటనే తీసుకోలేదు. కూతురి మొహం, ఆ చేతులు చూసింది. తర్వాత తీసుకుంది.

వెనక చెల్లెళ్ళను కూర్చోబెట్టుకుని, పట్టపగలే లైట్లు వేసి, నడకలా నడిపింది. పాత పికప్పు దగ్గింది గానీ ఆగలేదు. సమాధి మీద పిడికెడు మట్టి జారవిడిచినప్పుడు సెతున్యా నిన్నటి ఏడుపంతా ఏడ్చింది.

తిరిగొచ్చాక గేటు దగ్గర గొరాతే కలబంద నీళ్ళ తొట్టి పట్టుకుంది. తల్లి తన చేతులు కడుక్కుని, కూతురి చేతులు కూడా నీళ్ళలోకి లాగి రుద్దింది.

“బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం,” అంది.

“ఎందుకమ్మా? ఇక అక్కర్లేదుగా…”

“నాకు కాదే. నీ చెవులు చూపిద్దాం.”

గొరాతకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు తన్నుకొచ్చింది. తడి చేతులతోనే తల్లిని వాటేసుకుంది.