గురునాథరావు గారి రిటైర్మెంట్ బేనరు

"భయ్యా, దీన్ని పదడుగుల బేనరు చేసి ఇస్తారా?" అంటూ ఛాయ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

ఖుర్సీపార్‌లో రాజగోపాల్ ఫ్లెక్సు దుకాణానికి వచ్చే ఆడపిల్లలందరూ అతన్ని భయ్యా అనే పిలుస్తారు. అతను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం కాస్త గుచ్చుకుంది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పవర్‌పాయింట్ స్లైడు. స్టీల్ ప్లాంటులో పనిచేసే తన తండ్రి గురునాథరావు గారి రిటైర్మెంట్ ఫంక్షన్ కోసం ఆమే తయారుచేసింది. రాజగోపాల్ స్లైడు సైజు మార్చి బేనరు కొలత పెట్టగానే, తెర మీద గురునాథరావు గారు అడ్డంగా సాగిపోయారు.

"అదేటి! మా నాన్నని గుమ్మడికాయ చేసేసారు!"

"నేను కాదండీ, మీరే. ముందు సైజు పెట్టుకొని, తరవాత ఫొటో పెట్టాల. మీరు ఉల్టా చేసారు. పైగా ఇది ఫోన్లో వచ్చిన చిన్న ఫొటో. పెద్దది చేస్తే మొహమంతా గళ్ళు గళ్ళుగా అయిపోతాది."

"మరేటి చెయ్యాలి?"

"అసలు ఫొటో తెండి. రేపు."

చిక్కంతా ఆ రేపుతోనే మొదలైంది.

మర్నాడు ఆమె ఫొటో తెచ్చింది. పని అరగంటలో అయిపోయేదే. కానీ అయిపోతే ఆమె మళ్ళీ ఎందుకొస్తుంది? అందుకని నీలం సరిగ్గా పడట్లేదు, ఇంకో నమూనా ప్రూఫ్ తీద్దాం అన్నాడు. తరవాత అంచు బాగోలేదన్నాడు. ఆమె సెక్టర్ 2లోని కంపెనీ క్వార్టరు నుంచి వానలో స్కూటీ మీద వచ్చి, ప్రూఫ్ కాగితం చూసి, "బాగానే ఉంది కదా!" అనేది.

"మీకు తెల్దు. పెద్దది చేస్తే తేడా కొడతాది."

ఇద్దరూ నవ్వుకునేవారు. మధ్యలో ఎక్కడో ఆమె భయ్యా అనడం మానేసింది. ఆ పూట రాజగోపాల్‌కి సంతోషంతో అన్నం సహించలేదు.

గురునాథరావు గారు రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, వాళ్ళు సొంతూరు బొబ్బిలి వెళ్ళిపోతారు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా బేనరు చేతికిచ్చే రోజున చెబుదామని ఊరుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాటని రోజూ రంగుల మీదికి మళ్ళించేవాడు. పాపం, ప్రేమించడం వచ్చింది గానీ అడగడం రాలేదు.

ఫంక్షన్ ముందు రోజుకి వంకలు అయిపోయాయి. ఛాయ బేనరు విప్పి చూసింది. నాన్న మొహం ఎంతో కళగా వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఛాయగారూ, నీలం మొదటి రోజే బాగా పడింది. మీరు మళ్ళీ రావాలని అబద్ధం చెప్పాను. మీరంటే నాకిష్టం. మీ నాన్నగారిని వచ్చి అడుగుతాను."

"నాకు కళ్ళు లేవేటి? తెలిసే వచ్చేదాన్ని."

"మరి..."

"మొన్న నాన్న అడిగారు. రోజూ ఆ దుకాణానికి వెళ్తన్నావు, ఆ అబ్బాయి ఏటైనా అన్నాడా అమ్మా, అని. ఏటి చెప్పను? బేనరు గురించే మాటాడతాడు నాన్నా, అన్నాను. బొబ్బిలి సంబంధం వాళ్ళు జవాబు కోసం చూస్తన్నారు. సరే అన్నాను. ఫంక్షన్‌కని ముందే వచ్చున్నారు, నిన్న తాంబూలాలు పుచ్చుకున్నారు."

మొన్న ఆమె ఈ స్టూలు మీదే కూర్చుంది. అంచుకి పసుపు వెయ్యనా, ఎరుపు వెయ్యనా అని అడిగాడు తను. రాజగోపాల్ బేనరు మళ్ళీ చుట్టసాగాడు.

"ఇప్పుడొచ్చి అడిగితే?"

"వద్దు. నాన్న మాటిచ్చేసారు. ఆయన తలొంచుకుంటే నేను చూడలేను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "చెప్పి మంచి పని చేసారు. లేకపోతే నేనొక్కదాన్నే ఇష్టపడ్డాననుకొని జన్మంతా కుమిలిపోయేదాన్ని."

బేనరు చుట్ట స్కూటీ మీద ఒక్కరే పట్టుకెళ్ళేది కాదు. రాజగోపాల్ దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఆమె వెనక కూర్చున్నాడు. సెక్టర్ 2లో తమ క్వార్టరు ముందు ఆమె స్కూటీ ఆపింది.

గేటు దగ్గర తాళ్ళు లాగి కట్టాడు. గురునాథరావు గారు వెనక్కి నడిచి, తన బొమ్మని తనివితీరా చూసుకుని, అతని భుజం తట్టారు.

"ఇన్నాళ్ళు పట్టిందంటే ఏటోలే అనుకున్నాను బాబూ. పని మీద ఇంత శ్రద్ధన్నమాట!"