కొల్లేరు కప్పు ఆఖరి ఫైనల్

శుక్రవారం ఉదయం ఏలూరు పవర్‌పేటలో విజయదుర్గ డిటెక్టివ్ ఆఫీసు తలుపు తీసీ తీయగానే ఒకావిడ లోపలికి వచ్చింది. కూర్చోమనక ముందే కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. అసిస్టెంటు హేమంత్‌కుమార్ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

“మా నాన్నగారిని దొంగ అంటున్నారండీ,” అంది.

ఆవిడ పేరు కామాక్షి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో తండ్రి రామలింగంతో కలిసి కొట్టు చూసుకుంటుంది. ఏలూరు టెన్నిస్ క్లబ్బు బీరువాలో ఉండే పాత టోర్నమెంటు బహుమతి, కొల్లేరు కప్పు, గురువారం పొద్దున చూసేసరికి మాయమైంది. బుధవారం సాయంత్రం రామలింగం ఆ బీరువా ముందు నిలబడి ఉండగా చూసినవాళ్ళున్నారు.

“సంగతేమిటో కనుక్కుందామని నిన్న క్లబ్బుకి వెళ్ళానండీ. సెక్రటరీ వినయ్ గారు గేటు దగ్గరే ఆపేశారు. ఆదివారం సాయంత్రం ఫంక్షన్‌లోగా కప్పు తెచ్చి ఇవ్వకపోతే పోలీసు కంప్లైంటు ఇస్తామని అందరి ముందూ అన్నారు.”

“నాన్నగారేమంటున్నారు?” అని అడిగింది విజయదుర్గ.

“తీశారా అంటే ఊ అనరు, ఊహూ అనరు. భోజనం మాత్రం శుభ్రంగా చేస్తున్నారండీ.” కామాక్షి బ్యాగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. “మా వ్యాపారమంతా నమ్మకం మీద నడిచేది. ఇవాళ ఆయన్ని దొంగ అన్నవాళ్ళు రేపు మా కాటా కూడా దొంగదే అంటారు. ఆయన ఇంకెక్కడ తలెత్తుకుంటారండీ?”

విజయదుర్గ ఇదివరకు ఇన్సూరెన్సు క్లెయిములు తనిఖీ చేసే ఉద్యోగం చేసింది. కాలిన గోదాములూ, గండిపడ్డ చేపల చెరువులూ చూసి చూసి, మనుషుల కంటే ముందు నేలని అడగడం అలవాటు చేసుకుంది. ఆవిడ చూసిన చోటే తనూ చూస్తాడు హేమంత్. ఆవిడకి కనిపించింది తనకి కనిపించదు. అందుకే ఆవిడ దగ్గర ఉద్యోగం వదలడు.

క్లబ్బుకి వెళ్ళే దారిలో విజయదుర్గ అతనికి టోర్నమెంటు సంగతి చెప్పింది. చిన్నప్పుడు తండ్రి తీసుకెళ్ళేవాడట.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక రైసు మిల్లు యజమానీ ఒక డాక్టరూ కలిసి మొదలుపెట్టిన పోటీ అది. రెండో పంట దాళ్వా నాట్లు అయ్యాక జరిగేది. రాజమండ్రి, భీమవరం, తాడేపల్లిగూడెం ఆటగాళ్ళు పాసింజరు బండిలో రాకెట్లు పట్టుకుని దిగేవాళ్ళు. ఏలూరు నల్లమట్టి ఎండితే నెర్రెలిస్తుంది కాబట్టి కోర్టు పైపొరకి నల్లజర్ల నుంచి ఎర్రమట్టి తెప్పించేవాళ్ళు. మధ్యాహ్నం ఒక పంక్తికి కొల్లేటి కొరమేను పులుసు, ఇంకో పంక్తికి పులిహోర. పకోడీ రెండు పంక్తులకీ వచ్చేది.

ఆ పోటీకి రెండు ఆచారాలుండేవి. ఫైనల్ ఆడే ఇద్దరే ఆ పొద్దున కోర్టు తయారు చేయాలి. ఊడ్చి, తడిపి, రోలరు లాగి, పేడనీళ్ళతో అలికి, ఆరాక సున్నం గీతలు వేయాలి. ఎవరు ఏ వైపు ఆడాలన్నది తర్వాత చీటీ వేసి తేల్చేవారు కాబట్టి ఎవరూ గుంత వదిలేవారు కాదు. రెండోది, ఆఖరి బంతి పడేదాకా కప్పు కోర్టు దాటకూడదు.

“ఆఖరి ఫైనల్ తొంభైల మొదట్లో జరిగింది,” అంది విజయదుర్గ. “గూడెం రామలింగం గారు, గుండుగొలను వెంకట్రాజు గారు. మూడో సెట్టులో వెంకట్రాజు గారు కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. ఈయన బయట అన్నారు, ఆయన లోపల అన్నారు. మట్టి కోర్టు మీద బంతి పడ్డచోట మచ్చ ఉంటుంది, వెళ్ళి చూస్తే తేలిపోతుంది. అంపైరు కుర్చీ దిగుతుండగా వాన దంచేసింది. మచ్చ పోయింది, ఆట ఆగింది, ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ తర్వాత మిల్లు మూతపడింది. ఇక టోర్నమెంటు లేదు. ఎవరూ గెలవని కప్పు క్లబ్బు బీరువాలోనే ఉండిపోయింది.”

క్లబ్బు గోడకి ఫ్లెక్సీ కట్టి ఉంది: ‘కొల్లేరు కప్పు ఆఖరి విజేత శ్రీ వెంకట్రాజు గారికి సన్మానం’. దాని కింద వినయ్ నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. అతను వెంకట్రాజు కొడుకే.

“కమిటీ తీర్మానమండీ. నాన్నగారే ముందున్నారు కదా ఆ రోజు,” అన్నాడు. “సోమవారం ఇక్కడ సిమెంటు కోర్టు పని మొదలవుతుంది. ఈలోగా ఆయన పేరు కప్పు మీద చెక్కిద్దామనుకున్నాం. ఇంతలో ఈ పని చేశారు.”

బీరువా తాళం పగలలేదు. తాళంచెవి ఆఫీసు తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. ఆ సంగతి క్లబ్బుకి వచ్చే ప్రతివాడికీ తెలుసు.

విజయదుర్గ కోర్టులోకి చూసింది. నేల చదునుగా, కొత్తగా అలికి ఉంది. సున్నం గీతలు తెల్లగా ఉన్నాయి.

“కోర్టు బాగా చేయించారే!”

“వీర్రాజు చేసుంటాడండీ. ఫంక్షన్ కదా,” అని వినయ్ మళ్ళీ ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

వాచ్‌మన్ వీర్రాజు షెడ్డు పక్కన ఉన్నాడు. “ఆయ్, నేను కాదండి బాబూ. బుధవారం పెదవేగిలో మా మేనకోడలి పెళ్ళండి. గురువారం మధ్యాహ్నం వచ్చేసరికే అలికేసి ఉందండి. సెక్రటరీ గారే మనిషిని పెట్టారనుకున్నానండి.”

షెడ్డు ముందు ఇనప రోలరు ఉంది. విజయదుర్గ దాని లాగుడు కడ్డీ మీద చెయ్యి పెట్టింది. కడ్డీ అంతా తుప్పు. ఆ చివరా ఈ చివరా మాత్రం తుప్పు రాలి ఇనుము కనిపిస్తోంది. మధ్యలో చెక్కుచెదరలేదు. తర్వాత చెప్పులు విడిచి కోర్టులోకి నడిచింది. వెనక గీత దగ్గర వంగి చూసింది. అలుకు మీద వెంట్రుకంత బీటలు, పళ్ళెం వెడల్పున, ఒక్కచోటే ఉన్నాయి. హేమంత్ కూడా వంగి చూశాడు. అతనికి బీటలు తప్ప ఏమీ కనిపించలేదు.

మధ్యాహ్నానికి గూడెం వెళ్ళారు. రామలింగం కొట్లో కుర్చీలో కూర్చుని ఎడమ కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు.

“కప్పు మీరు తీశారా అండీ?”

“ఇది కర్నూలు సరుకమ్మా. పొట్టు చూసి కొనకూడదు, కోసి చూడాలి.”

“నేను కప్పు సంగతి అడిగాను.”

“నేను అబద్ధం ఆడనమ్మా. అందుకే మాట్లాడటం లేదు.”

“నాన్నా!” అంది కామాక్షి.

“నువ్వు కాటా చూసుకో తల్లీ.”

“వెంకట్రాజు గారి మీద కోపం పోలేదా?” అని అడిగింది విజయదుర్గ.

“వాడా? బంతి బయట పడితే లోపల అనే రకం వాడు,” అన్నాడు రామలింగం. అంటున్నప్పుడు మాత్రం మొహంలో కోపం లేదు.

వీధిలోకి సాగనంపుతూ కామాక్షి గొంతు తగ్గించింది. “కాలు చాపుకున్నారని ఏమీ అనుకోకండి. మొన్న వేసవిలో విజయవాడలో మోకాలి ఆపరేషనయింది. మార్కెట్లో తెలిస్తే ముసలాడైపోయాడంటారని ఎవరికీ చెప్పనివ్వలేదు. కాశీ వెళ్ళారని చెప్పాం.”

తిరుగుదారిలో గుండుగొలనులో ఆగారు. వెంకట్రాజు చేపల చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. రామలింగం మీద దొంగతనం మోపారని విజయదుర్గ చెప్పగానే పనివాళ్ళని అవతలికి పంపేశాడు.

“రామలింగం దొంగా? ఎవడన్నాడు, మావాడేనా? మావాడికి బుర్ర లేదమ్మా.”

“ఆ మాట మీ అబ్బాయికి చెప్పొచ్చుగా?”

వెంకట్రాజు చెరువు వైపు చూశాడు. “నేను చెబితే వింటాడా? సన్మానం వద్దురా అంటేనే వినలేదు. అయినా రామలింగం ఏం తీస్తాడమ్మా? ఆ ఎడమ మోకాలితో కింద కూర్చుంటే లేవలేడు.”

“మీ ఇద్దరికీ మాటల్లేవటగా?”

“లేవు. చచ్చేదాకా ఉండవు,” అన్నాడు వెంకట్రాజు గట్టిగా.

కారు హైవే ఎక్కాక విజయదుర్గ నవ్వింది. “కేసు అయిపోయింది హేమంత్. కామాక్షి గారికి ఫోన్ చేసి ఆదివారం వాళ్ళ నాన్నగారిని తీసుకురమ్మను. మార్కెట్ వాళ్ళు ఎవరైనా వస్తామంటే వాళ్ళనీ తీసుకురమ్మను.”

“దొంగ ఎవరండీ మేడం?”

“కాశీ వెళ్ళాడని ఊరంతా నమ్మిన మనిషికి ఏ మోకాలు వంగదో ఈయనకెలా తెలిసింది? అక్కణ్ణుంచి ఆలోచించు.”

హేమంత్ రెండు రోజులు ఆలోచించాడు. సగం దూరం వెళ్ళి ఆగిపోయాడు.

ఆదివారం సాయంత్రం పాత ఆటగాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. గూడెం మార్కెట్ నుంచి ఒక వ్యాను నిండా జనం వచ్చారు. వెంకట్రాజు ఒక చివర, రామలింగం ఇంకో చివర కూర్చున్నారు. వినయ్ ఫోన్ చేతిలో పట్టుకుని, “పోలీసులకి చెప్పమంటారా?” అన్నాడు.

“ముందు నన్ను చెప్పనివ్వండి,” అని విజయదుర్గ కోర్టు అంచున నిలబడింది. “అందరూ బీరువా చూశారు. నేను కోర్టు చూశాను. రేపు తవ్వి పారేసే కోర్టుని బుధవారం రాత్రికి రాత్రి ఎవరో తయారు చేశారు. వీర్రాజు అనుకున్నారు సెక్రటరీ గారు. సెక్రటరీ గారనుకున్నాడు వీర్రాజు. ఇద్దరూ కాదు.”

వినయ్ వీర్రాజు వైపు చూశాడు. వీర్రాజు తల అడ్డంగా ఊపాడు.

“వెనక గీత దగ్గర ఒక్కచోట నేల బీటలిచ్చింది. పైన ఉండే నల్లజర్ల ఎర్రమట్టి బీటలివ్వదు. అడుగున ఉండే మన నల్లమట్టి ఇస్తుంది. అంటే అక్కడ లోతుగా తవ్వి పూడ్చారు. తవ్విన గుర్తు కనబడకుండా కోర్టంతా అలికారు అనుకోవచ్చు. కానీ దాచిపెట్టడానికి తవ్వినవాడు సున్నం గీతలు ఎందుకు వేస్తాడు? గీతలు కావలసింది ఆడేవాడికి.”

కుర్చీల్లోవాళ్ళు వెనక గీత వైపు మెడలు చాచారు.

“రోలరు ఒక్కడే లాగితే కడ్డీ మధ్యలో పట్టుకుంటాడు. దాన్ని రెండు చివర్లా పట్టుకున్నారు, ఇద్దరు లాగారు. ఈ టోర్నమెంటులో కోర్టు తయారు చేసే ఇద్దరెవరో ఇక్కడున్న పెద్దలకి తెలుసు. కప్పు దొంగతనం కాలేదండీ. ఆఖరి బంతి ఇంకా పడలేదు కాబట్టి అది కోర్టు దాటలేదు. ఆ రోజు బంతి పడ్డచోటే ఉంది.”

వీర్రాజు గునపంతో నాలుగు పోట్లు వేసేసరికి ఉల్లిపాయల గోనెసంచి బయటపడింది. అందులో కప్పుంది.

“గోనె వద్దురా, ఇట్టే పట్టుబడతామంటే విన్నావా?” అన్నాడు వెంకట్రాజు ఆ చివరి నుంచి.

“నీ మేత బస్తాలో పెడితే కప్పు కంపు కొట్టేది,” అన్నాడు రామలింగం ఈ చివరి నుంచి.

కుర్చీల్లో ఒక్కసారిగా నవ్వులు లేచాయి. వినయ్ మాత్రం నవ్వలేదు. “నాన్నా, మీరా? మూడు రోజుల నుంచి ఆయన్ని దొంగంటుంటే చూస్తూ ఊరుకున్నారా?”

వెంకట్రాజు లేచి నిలబడ్డాడు. “నీ ఫ్లెక్సీ చూసి నాకు సిగ్గేసిందిరా. గెలవని కప్పు మీద పేరేంటి? ఎవరికీ తెలియకుండా మేం కలుసుకునే గూడెం స్టేషన్ బెంచీ మీద కూర్చుని వీడికి చెప్పుకున్నాను. సిమెంటు పడకముందు, ఆదివారం అందరి ముందూ ఆట పూర్తి చేద్దామన్నాడు. ముందే తెలిస్తే నువ్వు కప్పు తీసి శనివారమే సన్మానం చేసేసేవాడివి. నువ్వు వీణ్ణి దొంగ అన్నప్పుడు చెప్పేస్తానన్నాను. ఆదివారం దాకా నోరు విప్పనని వీడు ఒట్టు వేయించుకున్నాడు.”

వినయ్ రామలింగం దగ్గరికి వెళ్ళాడు. “తప్పయిపోయింది బాబాయ్‌గారూ.”

“నేను తీయడం నిజమేగా అబ్బాయ్. నన్నన్నావు, సరే. మా అమ్మాయిని గేటు దగ్గర నిలబెట్టావు. ఆ మాట దానికి చెప్పు.”

వినయ్ తిరిగేలోపే కామాక్షి లేచింది. ముందు తండ్రి వైపు తిరిగింది. “మీతో ఇంటికెళ్ళాక మాట్లాడతాను నాన్నా,” అంది. తర్వాత వినయ్‌తో, “నాకు విడిగా ఏమీ చెప్పొద్దండీ. అందరి ముందూ అన్నారు, అందరి ముందూ మైకులో చెప్పండి. రేపటి సిమెంటు లారీని ఆపండి. తవ్వినచోట సరిచేసుకుని వీళ్ళిద్దరూ ఆట పూర్తి చేసుకుంటారు,” అంది.

వినయ్ మైకు తీసుకున్నాడు. గూడెం రామలింగం గారు దొంగ కాదనీ, తాను తొందరపడ్డాననీ చెప్పాడు. మార్కెట్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. కామాక్షి చేతిలో బ్యాగు పక్క కుర్చీలో పెట్టింది. ఆ తర్వాత అతను కాంట్రాక్టరుకి ఫోన్ చేసి వచ్చే సోమవారం రమ్మన్నాడు.

“ఇంతకీ ఆ బంతి లోపల పడిందా, బయట పడిందా మేడం?” అన్నాడు హేమంత్ మెల్లగా.

“ఆ కేసు మన దగ్గరికి రాలేదు,” అంది విజయదుర్గ.

మట్టి ఆరడానికి వారం పట్టింది. తర్వాతి ఆదివారం పొద్దున వినయ్ అంపైరు కుర్చీ ఎక్కాడు. ఆ పాయింటు మళ్ళీ ఆడాలన్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నారు. రామలింగం బంతి పైకి ఎగరేసి కొట్టాడు. అది నెట్టు దాకా కూడా వెళ్ళలేదు. అవతల వెంకట్రాజు పడీపడీ నవ్వాడు. కామాక్షికి కూడా నవ్వు ఆగలేదు.

రామలింగం జేబులోంచి రెండో బంతి తీశాడు.

“అప్పుడే నవ్వకురా. నాకింకో సర్వీసుంది.”