మైనస్ అరవైలో మోచేయి

2006 జూన్. మదనపల్లె టమాటా మార్కెట్‌లో వేలంపాట హోరెత్తుతోంది. క్రేట్ల చాటున, లారీ డ్రైవర్ వేషంలో ఉన్న చీఫ్ గొంతు తగ్గించాడు.

"నిన్న పుంగనూరు రోడ్డులో మన ఇంజనీర్ని లారీతో గుద్ది చంపేశారు. యాక్సిడెంట్ కాదు."

తలపాగా చుట్టి టమాటా వ్యాపారిలా నిలబడ్డ ఏజెంట్ ముద్దుకృష్ణ చేతిలోని టమాటాను క్రేటులో పెట్టేశాడు. ఆ ఇంజనీర్ వదిలిన పని ఇక తనదే.

"కుప్పం దగ్గర మన సీక్రెట్ ల్యాబ్‌లో రోవర్ చెయ్యి ఉంది. వేరే గ్రహం మీద తిరిగే బండిది. అక్కడి చలికి మోటార్లో గ్రీజు గడ్డకడుతుంది. అందుకే కీలు దగ్గర హీటర్. వెచ్చబడకుండా మోటార్ తిప్పితే గేర్లు విరిగిపోతాయి. ఇంకో చెయ్యి చేసేలోపు లాంచ్ తప్పిపోతుంది. విదేశీ ముఠాకు కావలసింది అదే. ఈ మధ్యాహ్నం ఫైనల్ టెస్ట్ అయ్యేదాకా దాన్ని నువ్వు కాపాడాలి. పుంగనూరులో సుధారాణి కలుస్తుంది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే మనిషి."

పుంగనూరు బస్టాండ్. నల్లకళ్ళద్దాలు, ఎర్ర షిఫాన్ చీర. అతను ఆమె వైపు చూడకుండానే కోడ్ చెప్పాడు.

"పుంగనూరు ఆవు యాడ దొరుకుతాదమ్మా?"

"ఈడ లేదప్పా. సంతకు పోవల్ల."

జీపు నడుపుతూ ఆమె ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వుకి అతని భయం తగ్గాల్సింది. పెరిగింది.

ల్యాబ్‌లో ఆమె కోల్డ్ ఛాంబర్ తలుపు తీసింది. "లోపల ఏందో మార్చేసినారు. తొందరగా సూడప్పా."

అతను అడుగుపెట్టాడు. వెనక ఉక్కు తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. తలుపు పక్కన ఇంటర్‌కామ్‌లో ఆమె గొంతు వినిపించింది.

"ఆ లారీని పంపించింది కూడా నేనేనప్పా."

అరిచాడు. ఫ్యాన్ల హోరులో తన అరుపు తనకే వినపడలేదు. ఊపిరి ముక్కులోనే మంచవుతోంది. ఇక్కడే చచ్చిపోతానని నమ్మకం కుదిరింది.

గోడ మీద స్క్రీన్: గది మైనస్ అరవై, రోవర్ మోచేయి ప్లస్ ఇరవై. మోచేతికి వేలు ఆనించాడు. చలికి చర్మం లోహానికి అతుక్కుపోయింది; లాక్కున్నాడు. వేడిని కొలిచి హీటర్‌ను నడిపే థర్మోస్టాట్‌ను మార్చేశారు. వెచ్చగానే ఉందని అది అబద్ధం చెబుతుంటే హీటర్ ఎందుకు పనిచేస్తుంది?

"ఐదు నిమిషాల్లో మోటార్ స్టార్ట్." కంట్రోల్ రూమ్ నుంచి టెస్ట్ ఇంజనీర్ గంగులప్ప గొంతు.

ముద్దుకృష్ణ వాచీలో దాచిన బ్లేడుతో థర్మోస్టాట్ వైర్లు రెండూ కోశాడు. వాటిని కలిపేస్తే హీటర్ నేరుగా వేడెక్కాలి. వేళ్ళు మాట వినడం లేదు. పళ్ళతో వైర్ల తొక్క ఒలిచాడు. మెలిపెట్టాడు. జారిపోయాయి. ఏడుపొచ్చింది. మళ్ళీ మెలిపెట్టాడు. ఈసారి నిలిచాయి. తలపాగా విప్పి కీలుకు చుట్టి, రెండు చేతులతో కావలించుకున్నాడు. గుడ్డలోంచి సన్నగా వెచ్చదనం తగిలింది.

"స్టార్ట్."

మోచేయి ఒక్క క్షణం మొరాయించింది. తర్వాత మెత్తగా పైకి లేచింది. దాంతోపాటు అతనూ లేచాడు.

పైకి లేచాకే చెయ్యి కెమెరాకు అందింది; కంట్రోల్ రూమ్‌లో గంగులప్ప స్క్రీన్ వైపు వంగాడు. "చేతికి ఎవురో మనిషి యేలాడతాండాడు. తలుపు తీయండప్పా."

గేర్లు విరిగే చప్పుడు కోసం కారిడార్‌లోనే కాచుకుని ఉంది సుధారాణి. గార్డులు ముద్దుకృష్ణను బయటికి తెచ్చారు. అతను వేలితో ఆమెను చూపించాడు. వాళ్ళకు అది చాలింది.

సాయంత్రం, మూడు దుప్పట్ల కింద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న అతన్ని చీఫ్ పరామర్శించాడు.

"ఈసారి యాడికి పంపమంటావప్పా?"

"కడపకు సార్. మే నెలలో."