బెల్లం యార్డులో శుద్ధిసాక్షి

వర్తకుడు సన్నిబాబు గేటు దగ్గర ఊపిరి వదిలాడు. కడుపు జబ్బుల్ని ముందే పసిగట్టే కడుపుద్వారం ఆ ఊపిరిని వాసన చూసి, పచ్చదీపం వెలిగించి, అతన్ని బెల్లం యార్డులోకి వదిలింది. వెనకే వచ్చిన, అతని సరుకు మోసే కలాసీ అప్పలకొండకు ఎర్రదీపం వెలిగింది. వారం రోజులు పనిబందు.

"మల్లీనా? నాకు కడుపులో నొప్పి కూడా నేదు బాబూ!" అంది ఆమె కంచె అవతల నుంచి.

"రేపొస్తాదని ద్వారానికి ముందే తెలుస్తాది. ఇంటికెళ్లు," అన్నాడు సన్నిబాబు.

ఆమె మోస్తే బెల్లం దిమ్మ విరగదు. చక్రాల మీద తిరిగే అద్దె మరచేతులు మోస్తే విరుగుతుంది, విరిగిన దిమ్మకు సగం ధరే వస్తుంది. నష్టమే. అయినా వర్తకులంతా చందాలేసుకుని మురుగుశోధకం కొనడం కన్నా చౌక. అప్పలకొండ వారం కూలీ, మందుల ఖర్చూ ఎవరి పద్దులోనూ పడవు.

"మీ యార్డు దొడ్డి గొట్టం మా బోరు పక్కనే తేలింది. మురుగు మీది, ఎర్రదీపం నాది. బేరం బాగుంది బాబూ!"

సన్నిబాబు లోపలికి నడిచాడు. అక్కడ మురుగు లెక్క అడిగే యంత్రం, శుద్ధిసాక్షి, ఎదురుచూస్తోంది. రోజూ ఒక వర్తకుడు దానికి మాట ఇస్తేనే లారీలు కదులుతాయి. ఇవాళ వంతు అతనిది.

"యార్డు మురుగు శుద్ధి అయ్యాకే బయటికి పోతోందా?" అని అడిగింది యంత్రం.

పక్క కొట్టు గుర్నాథం ఆవలించాడు. "అవునని పడేయ్ సన్నిబాబూ. మబ్బట్టింది, సరుకు చెమరుస్తాది."

కాదంటే మురుగుశోధకం పెట్టేదాకా యార్డు మూత. అందరికన్నా ఎక్కువ నిల్వ సన్నిబాబుదే, అదీ అప్పు చేసి కొన్నది. అతను వెనక్కి తిరిగి చూశాడు. అప్పలకొండ ఇంటికి పోలేదు. కంచె పట్టుకుని వంగి వాంతి చేసుకుంటోంది. మరచేతులు ఆమె పక్కనుంచే వరసగా లోపలికి వస్తున్నాయి.

"కాదు," అన్నాడు.

గుర్నాథం అతని దగ్గరికి ఉరికాడు. "మతి పోనాదేటి? ముందు కరిగేది నీ బెల్లమే!"

"కరగనీ. బెల్లం కరిగితే అందరికీ కనపడతాది. ఇన్నాళ్లూ అప్పలకొండ కూలీ కరిగింది, మనకి కనపళ్లేదు."

లారీలు ఆగిపోయాయి. కొట్లలోంచి వర్తకులు తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చారు. అప్పుడు శుద్ధిసాక్షి మళ్లీ మాట్లాడింది. రోజూ అందరూ అవుననే అనడంతో, దానికి రెండో ప్రశ్న ఒకటుందని యార్డులో ఎవరికీ తెలియదు.

"అయితే శుద్ధి చేయని ఆ మురుగు ఖర్చు ఇంతవరకు ఎవరు భరించారు? పేర్లు చెప్పండి."

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. సన్నిబాబు ముందు అప్పలకొండ పేరు చెప్పాడు. తర్వాత అదే బోరు నీళ్లు తాగే ఆమె పక్కింటివాళ్ల పేర్లు అందుకున్నాడు.