బూజుకి పౌరుషం

"నా ప్లేటును ఎవరు ముట్టుకున్నారు?"

ఆ కేకకు ల్యాబులో అందరూ పని ఉన్నట్టు తలలు దించుకున్నారు. కొత్తగా చేరిన అబ్బాయి మాత్రం నవ్వుతూ చెయ్యెత్తాడు. బూజులు పెంచి వాటి రసం తీయడం కేక వేసిన అమ్మాయి పని. ఆ రసం మలేరియా క్రిమిని చంపుతుందో లేదో చూడటం అతని పని.

"నేనేనండీ. మీ బూజులో ఏదో బ్యాక్టీరియా కలిసింది. బూజును వేరు చేసి కొత్త ప్లేటులో వేశాను. థాంక్స్ అంటారనుకున్నా."

"అడక్కుండా చేసినందుకా? శుభ్రం సార్, మీ సాయానికో దండం!"

ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. అసలు గొడవ తర్వాత మొదలైంది. పాత ప్లేటు రసం క్రిముల్ని ఊచకోత కోసింది. కొత్త ప్లేటు రసం పడితే వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకోసారి రుజువు కాకపోతే ఆ బూజును వదిలేయమని ల్యాబు నడిపే పెద్ద మేడమ్ తేల్చేసింది. కంటికి రెప్పలా పెంచుకున్న బూజు. ఆమెకు ఏడుపొచ్చింది.

"మీ టెస్టులోనే తప్పుంది!"

"టెస్టు మళ్లీ మళ్లీ చేశానండీ. మీ బూజుకే బద్ధకం."

ఆమె ఠక్కున ఆగింది. నిజమే, అప్పుడు లేని బద్ధకం ఇప్పుడెందుకు? బూజు అదే, దానికి పెట్టే తిండీ అదే. ఇప్పుడు లేనిది ఒక్కటే.

"ఆ బ్యాక్టీరియాను పారేశారా?"

అతను నేలచూపులు చూశాడు. "అదేంటో చూద్దామని ఫ్రిజ్‌లో దాచానండీ. మీరు తిడతారని చెప్పలేదు."

ఎందుకో తిట్టాలనిపించలేదు. తనలాగే ఊరికే ఉండలేని మనిషి ఇంకొకడున్నాడని ఆమెకు ముచ్చటేసింది.

రెండింటినీ మళ్లీ ఒకే ప్లేటులో పెంచారు. ఈలోగా కబుర్లు పెరిగాయి, టీలు పెరిగాయి. అతను సెలవు పెట్టిన రోజు ల్యాబంతా బోసిపోయినట్టనిపించి, ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఫలితం తెలిసిన సాయంత్రం బయట ఒకటే వాన. బూజు ఒక్కదాని రసానికి క్రిములు చలించలేదు. బ్యాక్టీరియా రసానికీ అంతే. రెండూ కలిసి పెరిగిన రసం పడ్డచోట ఒక్కటీ బతికి లేదు.

"నన్నూ చూడనివ్వండి!"

ఆమె మైక్రోస్కోపు వదిలి కళ్లు తుడుచుకుంది. "పక్కన పోట్లాడేవాళ్లుంటేనే దీనికి పౌరుషం వస్తుందన్నమాట."

"బూజుకేనా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఇకమీదట అడక్కుండా దేన్నీ విడదీయకండి."

"సరే, అడుగుతున్నా. మీ గురించి మా అమ్మకి చెప్పనా?"

"అదొక్కటీ అడక్కుండా చేసుండాల్సింది, శుభ్రం సార్."

అతను మళ్లీ నేలచూపులు చూశాడు.

"ఎప్పుడో చెప్పేశానండీ. మీరు తిడతారని దాచాను."