పదో మనిషి ఊపిరి

గల్ఫ్‌లో శుక్రవారం సెలవు; మధ్యాహ్నం ఒంటిగంటకు కాలేజీలో పురుగు కూడా లేదు. బయట దుమ్ము లేచి ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. ఫిజియాలజీ ల్యాబులో అరుణజ్యోతి ఒక్కతే చన్నీళ్ల తొట్టి ముందు కూర్చుని పరీక్షకు రావాల్సిన డ్రైవరు పెంచల్ కోసం ఎదురుచూస్తోంది.

పీజీకి ఆమె చేస్తున్న పరిశోధన చిన్నదే. చన్నీళ్లలో ముఖం ముంచి ఊపిరి బిగబడితే గుండె నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందో పదిమంది మీద చూపించాలి. రిగ్గై పేటలో తన గది చుట్టుపక్కల ఉండే కడప, రాయచోటి వాళ్లను బతిమాలి తొమ్మిదిమందిని తెచ్చింది. పదో రికార్డు ఆదివారం ప్రొఫెసర్ హారూన్ చేతికి అందకపోతే సీటు పోతుంది. సీటుతో పాటే ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి.

ఫోన్ మోగింది.

"అక్కా, మా మేడమ్ ఇంట్లో దావతంట. బండి తియ్యాల. నేను రాలేను."

"నీళ్లల్లో మొగం పెట్టేదానికే గదరా పెంచల్, మునిగిపోతావా?"

"ఈ దుమ్ములో కుక్క గూడ బయటికి రాదు. నీ పరీచ్చకు నువ్వే మునుగు పో!"

నవ్వి పెట్టేశాడు.

ఇలాంటప్పుడు కొందరు చేసే పని ఒకటుంది, చేశామని ఎవరూ ఒప్పుకోరు. పరీక్ష తన మీదే తాను చేసుకుని, లోకంలో లేని మనిషి పేరు కాగితం మీద రాయడం. 'కళావతి, నలభై రెండేళ్లు, ఇంటిపని' అని రాసింది అరుణజ్యోతి. తలుపుకు లోపల గడియ పెట్టింది. వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు తగిలించుకుని, మెషిన్ ఆన్ చేసి ముఖం ముంచింది.

చల్లదనం కణతల్లోకి పాకింది. చెవుల్లో తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎవరో భుజం మీద రెండుసార్లు తట్టారు. లేచింది.

పద్ధతి అదే. తట్టేదాకా లేవకూడదు. తొమ్మిదిమందినీ తానే అలా తట్టి లేపింది. తనను ఒక మనిషి తాకి ఎన్ని నెలలైందో... ముందు వచ్చిన ఆలోచన అది. భయం తర్వాత వచ్చింది.

గదిలో ఎవరూ లేరు. గడియ పెట్టినట్టే ఉంది.

తెర మీద గుండె వేగం డెబ్బై ఆరు నుంచి యాభై నాలుగుకు దిగింది. క్లిప్పు తీసేసింది. బెల్టు విప్పింది. గీత ఆగలేదు. యాభై... నలభై ఆరు... ఊపిరి గీత మాత్రం కదలకుండా, తిన్నగా.

తొట్టిలో నీళ్లు అంచుదాకా లేచి ఉన్నాయి. లోపల ఏదో ఉన్నట్టు.

"ఎవరమ్మా?" అంది గుసగుసగా.

తట్టి లేపుదామని చెయ్యి చాచింది. తట్టడానికి భుజం ఏది?

మెషిన్ ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. నీళ్లు మాత్రం దిగలేదు. మళ్లీ ఆన్ చేసి, తన వంతు నలభై సెకన్లు మాత్రం పెన్ డ్రైవులోకి కత్తిరించుకుని, వెనక్కి చూడకుండా బయటపడింది. పారెయ్యాల్సిన రికార్డే. ఆమెకు వేరే దారి లేదు.

ఆదివారం పొద్దున పదిగంటలకు, హైదరాబాదు మనిషైన ప్రొఫెసర్ హారూన్ కాగితాల మీద సంతకం పెట్టాడు.

"పాసయ్యావమ్మా. ఇక నిశ్చింతగా ఉండు."

పెన్ డ్రైవు పెట్టి చూస్తూ కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"నలభై సెకన్లన్నావు. ఇది నలభై ఐదు గంటలు చూపిస్తోందేంటి? ఇంకా పెరుగుతోంది..."

ఆమె కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

"గుండె పదకొండు దగ్గర ఉంది," అన్నాడాయన తెర దగ్గరికి వంగి. "ఎవరమ్మా ఈ కళావతి? ఇంకా ఊపిరి తీసుకోలేదే!"

చూస్తుండగానే పదకొండు, పది అయింది.