నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది

రాబర్ట్ చివరగా చేసిన పని, తన పేజర్‌ను బుక్‌స్టాల్ ముసలాయన చేతిలో పెట్టడం.

"జర పట్టుకో తాతా, ఇప్పుడే వస్త."

కాచిగూడ స్టేషన్. పట్టపగలు పదకొండు గంటలు. రెండో నంబర్ ప్లాట్‌ఫారం అంచున ఎవరో అతని వీపు మీద చెయ్యి వేశారు. పాత స్నేహితుడు వేసినట్టే వేశారని ముసలాయన తర్వాత చెప్పాడు. రైలు ఆగలేదు.

పేజర్ తొడుగులో, ఇంకా పంపని మెసేజ్ రాసిన చీటీ ఒకటి మిగిలింది. 'ఊరట అమ్ముడైంది. మార్చి పది. పగలు పన్నెండు.'

అప్పటికి రెండు వేల సంవత్సరం, మార్చి ఎనిమిది.

* * *

నాంపల్లిలోని సుబ్బరత్నం టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో ముప్పై మెషీన్లు ఒకేసారి మోగుతుంటాయి. ఆ చప్పుడులో ఎవరు ఏం మాట్లాడినా పక్క గదికి వినపడదు. అందుకే ఇంటెలిజెన్స్ వింగ్ ఆ వెనక గదిని కిరాయికి తీసుకుంది. ఇన్‌స్ట్రక్టర్ వేషంలో ఆనంద్ పాల్ అక్కడ మూడేళ్లుగా పిల్లలకు హయ్యర్ గ్రేడ్ పాఠాలు చెబుతున్నాడు. ఫైళ్లలో మాత్రం అతను ఏజెంట్ 31.

చీఫ్ విద్యాసాగర్ బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా, తెల్లటి నవ్వు.

"కేస్టర్. సింగపూర్ రింగ్. నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు దేశాలు. ఆబిడ్స్‌లో 'మనచుట్టం డాట్ కామ్' అని ఆఫీసు పెట్టాడు."

"ఊరట అంటే ఏంటి సార్?"

"వెబ్‌సైట్. చాదర్‌ఘాట్‌లో ఒక చిన్న మిషన్ దవాఖాన నడుపుతోంది. ఎయిడ్స్ రోగులు మారుపేర్లతో ఉత్తరాలు రాస్తారు. డాక్టర్లు జవాబిస్తారు. అసలు పేర్లు, పనిచేసే చోట్లు వేరే ఫైల్లో ఉంటాయి. నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది. ఆ ఫైలున్న డిస్క్ ఇప్పుడు కేస్టర్ జేబులో ఉంది. రాబర్ట్ ఆ దవాఖాన సిస్టమ్స్ మనిషి. కనిపెట్టాడు. పోయాడు."

"బ్లాక్‌మెయిలా?"

"కాదు. పోటీ."

"దేనికి పోటీ?"

"బెంగుళూరులో ఇలాంటి పోర్టలే ఇంకొకటి ఉంది. పదో తారీకు మధ్యాహ్నంలోపు ఎవరు లక్ష మంది మెంబర్లను చూపిస్తే వాళ్లకే కోటి డాలర్ల ఫండింగ్. కేస్టర్ పెళ్లి బ్యూరోల లిస్టులు కొన్నాడు. కోచింగ్ సెంటర్ల లిస్టులు కొన్నాడు. సైబర్ కేఫ్‌ల రిజిస్టర్లు కొన్నాడు. ఇంకా నాలుగు వేలు తక్కువ పడ్డాయి. ఇది దొరికింది."

"ఎక్కిస్తే ఏమవుతుంది?"

"ప్రతి పేరుకీ ఒక పేజీ తయారవుతుంది. పేరు, పని, ఎక్కడి నుంచి వచ్చి చేరారు అన్నీ కనిపిస్తాయి. వాళ్ల ఆఫీసుకీ, వాళ్ల వీధిలో మెంబర్లందరికీ మెయిల్ వెళ్తుంది. ఫలానా మీ మనిషి ఊరట నుంచి మనచుట్టంలో చేరారు, మీరూ చేరండి అని."

పదిహేనేళ్ల సర్వీసులో ఆనంద్ పాల్ దేశాన్ని అమ్మేవాళ్లను చూశాడు. వాళ్లలో ద్వేషమో, అప్పో, ఆడదాని మీద పిచ్చో, ఏదో ఒకటి ఉండేది. మనిషి వాసన వచ్చేది. ఇక్కడ ఆ లిస్టును చదవాలన్న కోరిక కూడా ఎవరికీ లేదు. చదవకుండానే నాలుగు వేల మందిని బజార్న నిలబెడతారు. లెక్కకు అంతమంది తక్కువయ్యారు గనక.

"రైడ్ చేద్దాం సార్."

"చేస్తే డిస్క్ సాక్ష్యమవుతుంది. సాక్ష్యమంటే పంచనామా. పంచనామా అంటే పేర్లు. మర్నాడు పేపర్లో. కేస్టర్ చేసేదే మనం చేసినట్టు. డిస్క్ మాయం కావాలి, మాయమైందని వాడికి తెలియకూడదు. వాడి దగ్గర కాపీ ఇంకోటి లేదు. వాడు తన స్టాఫ్‌నే నమ్మడు." విద్యాసాగర్ ఒక కాగితం తోశాడు. "శాంపిల్ పేజీ. లోపల మన మనిషి ఉంది. తబిత. ఆమె పంపింది."

పేజీలో పన్నెండు పేర్లు. ఎనిమిదో వరుస దగ్గర ఆనంద్ పాల్ కళ్లు ఆగాయి. పని: ఊడవడం, చాయ్ పెట్టడం. చోటు: సుబ్బరత్నం టైప్ ఇన్‌స్టిట్యూట్, నాంపల్లి.

తలుపు తోసుకుని కిష్టవ్వ లోపలికి వచ్చింది. చేతిలో రెండు చాయ్ గ్లాసులు. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి ఆరేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది. పొద్దునా మధ్యాహ్నం అరవై మంది ఆమె చేతి చాయ్ తాగుతారు.

"తీస్కో సారూ. జర అల్లం ఎక్కువేసిన. నీ గొంతు బాగలేదు గదా."

అతని చెయ్యి గ్లాసు దాకా వెళ్లి ఆగింది. ఒక్క సెకను. చాయ్‌తో ఏమీ రాదని అతనికి తెలుసు. పాంప్లెట్లు చదివాడు, ఇతరులకు చెప్పాడు కూడా. అయినా చెయ్యి ఆగింది. తెలివి చెప్పే మాట చేతికి వినిపించేలోపు, ఎక్కడో లోతున ఉన్న పాత జంతువు ఒకటి ముందుగా ముడుచుకుంది.

కిష్టవ్వ ఆ చెయ్యిని చూసింది.

"చక్కెర తక్కువైందా?"

"ఇంకా తాగలేదు కదా కిష్టవ్వా."

"ఔ. తాగలే." ఆమె వెళ్లిపోయింది.

విద్యాసాగర్ తన గ్లాసును ఫైలు అంచుతో పక్కకు జరిపాడు. ముందే జరపాలని అనుకున్నవాడిలా. ఆనంద్ పాల్ చల్లారిన చాయ్‌ని ఒక్క గుక్కలో మింగాడు. అది ధైర్యం కాదని అతనికి తెలుసు. తనకు తాను వేసుకున్న జరిమానా.

* * *

మొజంజాహీ మార్కెట్. ఐస్‌క్రీం దుకాణం ముందు ఇనుప బల్ల. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, పొట్టి జుట్టు. రోడ్డు దాటేవాళ్లు రెండుసార్లు తిరిగి చూసే మనిషి.

"ఈ సీజన్‌లో సీతాఫలం దొరకదు కదా?" అన్నాడు ఆనంద్ పాల్.

"అడిగెటోళ్లు అడిగితే దొరుకుతది." కోడ్ కలిసింది. తబిత కళ్లద్దాలు తీసింది. "కూసో. గట్ల నిలబడితే పోలీసోని లెక్క ఉన్నవ్."

"డిస్క్ ఎక్కడుంటుంది?"

"కేస్టర్ జేబుల. నీలం జిప్ డిస్క్. పండేటప్పుడు కూడా తియ్యడు. ఒక్కసారే బయటికొస్తది, లాంచ్ రోజు పూజల."

"పూజలోనా?"

"మా ఆఫీసుల రివాజు. ఏది కొత్తగ మొదలుపెట్టినా సునంద అక్క కొబ్బరికాయ కొట్టి బొట్టు పెడ్తది. తర్వాత చర్చి అయ్యగారొచ్చి ప్రార్థన చేస్తడు. రెండు దిక్కులా స్టాఫ్ ఉన్నరు గదా. కేస్టర్‌కి మస్తు ఇష్టం. లోకల్ టచ్ అంటడు. డిస్క్ మార్చనీకి నీకెంత టైం కావాలె?"

"మూడు నిమిషాలు."

"అయితే జ్ఞానానందం అయ్యగారిని పిలుస్త. ఆయన ఆమెన్ అనేసరికి బిర్యానీ చల్లగైతది."

ఆనంద్ పాల్ నవ్వలేదు. "మావాళ్లు డూప్లికేట్ డిస్క్‌లో టెలిఫోన్ డైరెక్టరీ పేర్లు వేసి ఇచ్చారు. కంప్యూటర్ పట్టుకోదా?"

"ఏం పట్టుకుంటది? ఒక్కడే వందసార్లు చేరినా కౌంటర్ వంద అంటది. వాళ్లకు మనుషులు అక్కర్లే." ఆమె చెంచాతో ఐస్‌క్రీంను కెలుకుతోంది, తినడం లేదు. "ఒక మాట చెప్పాలె. డిస్క్ కేస్టర్‌కి ఇచ్చింది నేనే."

అతను కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"దవాఖానల రాయరాని వాళ్ల ఉత్తరాలు నేనే టైప్ చేసేదాన్ని. వాళ్లు చెప్తుంటే ఏడుపొచ్చేది. మీ విద్యాసాగర్ సార్ వచ్చిండు. రింగ్ నమ్మాలంటే ఏదన్న పెద్దది ఇయ్యాలె, ఇయ్యి, మళ్ల మేం తెచ్చుకుంటం అన్నడు. బెయిట్ అట, ఎర. రాబర్ట్‌కి తెలిసింది. వద్దన్నడు. అందరికీ చెప్త అన్నడు." ఆమె చెంచా కింద పెట్టింది. "కేస్టర్ మనుషులకు రాబర్ట్ పేరు ఎట్ల తెలిసిందో నన్ను అడగకు. నాకు తెల్వదు. తెల్సుకోవాలని కూడా లేదు."

"నువ్వు ఎవరి మనిషివి?"

"ఇద్దరి దగ్గరా జీతం తీస్కుంటున్న. నువ్వే చెప్పు."

మార్కెట్ గడియారం నాలుగు కొట్టింది. కరిగిన ఐస్‌క్రీం బల్ల అంచు నుంచి కారుతోంది. ఆనంద్ పాల్‌కు చేతులు కడుక్కోవాలనిపించింది. ఎక్కడ కడగాలో తెలియలేదు.

సాయంత్రం అతను వింగ్ ఇచ్చిన డూప్లికేట్ డిస్క్‌ను కంప్యూటర్‌లో పెట్టాడు. డైరెక్టరీ పేర్లన్నీ చెరిపేశాడు. కొత్తగా ఒకే ఒక వరుస టైప్ చేసి, మిగతా వరుసలన్నిటిలో దాన్నే నింపాడు.

* * *

మార్చి పది. ఆబిడ్స్‌లో చెప్పుల షాపు పైన మూడో అంతస్తు. రంగు కాగితాలు, బెలూన్లు, ముప్పై మంది స్టాఫ్. గోడకు పెద్ద తెర. దాని మీద ఎర్ర అంకెలు: 95,702.

ఆనంద్ పాల్ తెల్ల లాల్చీలో, నూనె రాసిన జుట్టుతో, అయ్యగారి వెనక ఉపదేశి వేషంలో వచ్చాడు. మెదక్‌లో వాళ్లమ్మ జ్ఞానమణి కొడుకును చూడాలనుకున్న వేషం సరిగ్గా ఇదే. ఆమె ఇరవై ఏళ్లు ప్రార్థించినా రానిది, వింగ్ టెక్నికల్ సెక్షన్ గంటలో తెచ్చిపెట్టింది. చంకలో జిప్ కవరు బైబిల్. లోపల ద్వితీయోపదేశకాండం నుంచి యోబు దాకా బ్లేడుతో కోసి గుంట చేశారు. గుంటలో డూప్లికేట్ డిస్క్.

పదకొండు నలభై ఐదు. సునంద స్టీలు పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు సర్దింది. కేస్టర్ జేబులోంచి నీలం డిస్క్ తీసి, తనే పళ్లెంలో పెట్టాడు. పిల్లాడికి అక్షరాభ్యాసం చేయిస్తున్న తండ్రిలా మురిసిపోతున్నాడు. కొబ్బరికాయ పగిలింది. చప్పట్లు. సునంద డిస్క్ మీద కుంకుమ బొట్టు పెట్టింది.

పదకొండు యాభై మూడు. జ్ఞానానందం అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అందరం కళ్లు మూసుకుందాం."

ముప్పై జతల కళ్లు మూతపడ్డాయి. కేస్టర్ మర్యాద తెలిసినవాడు. తల వంచి మరీ మూశాడు.

చిన్నప్పుడు ప్రార్థనలో కళ్లు తెరిచినందుకు ఆనంద్ పాల్ తొడ మీద అమ్మ గిల్లిన గిల్లుడు ఇంకా అక్కడే ఉంది. ఎందుకు తెరిచావురా అని అడిగేది. నిజంగా అందరూ మూశారో లేదో చూద్దామని, అనేవాడు. అతని ఉద్యోగమంతా అదే అయింది.

అతను కళ్లు తెరిచాడు.

ఈ ప్రార్థన దారి అతనికి కంఠతా తెలుసు. ముందు స్తోత్రం, తర్వాత ఏలికలు, తర్వాత ప్రయాణికులు, తర్వాత రోగులు, చివర విధవలు, అనాథలు. ఏలికల దగ్గర బైబిల్ జిప్ తీశాడు. ప్రయాణికుల దగ్గర రెండడుగులు వేశాడు. రోగుల దగ్గర చెయ్యి పళ్లెం మీదికి వెళ్లింది.

"తండ్రీ, మంచం పట్టినవారిని, మనుష్యులకు చెప్పుకోలేని వ్యాధులతో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకో. వారి పేర్లు నీకు తెలుసు. నీకు మాత్రమే తెలుసు..."

అతని వేళ్ల కింద నీలం ప్లాస్టిక్. నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది. తీశాడు. గుంటలో పడింది. డూప్లికేట్‌ను పళ్లెంలో పెట్టాడు.

అప్పుడు చూశాడు. డూప్లికేట్ మీద బొట్టు లేదు.

తల ఎత్తాడు. పళ్లేనికి అవతల తబిత. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. మొదటినుంచీ తెరిచే ఉన్నాయని అర్థమైంది. ఒక్క కేక చాలు. ఇద్దరి దగ్గరా జీతం.

"... విధవలను, అనాథలను నీ రెక్కల చాటున..."

అతని రెండు చేతుల్లోనూ బైబిల్. జిప్ ఇంకా పడలేదు. అయ్యగారి గొంతు ముగింపు రాగంలోకి దిగింది.

తబిత చెయ్యి చాచింది. పుట్టి బుద్ధెరిగాక కుంకుమ ముట్టని చెయ్యి. వేలు ముంచి, సునంద పెట్టిన చోటే, అంతే గుండ్రంగా డిస్క్ మీద ఒత్తింది. వేలిని ఎర్ర లిప్‌స్టిక్ పెదవికి తుడుచుకుంది.

"ఆమెన్."

"ఆమెన్" అన్నారు అందరూ. కేస్టర్ కళ్లు తెరిచి ముందు పళ్లేన్నే చూశాడు. నీలం డిస్క్, ఎర్ర బొట్టు. నవ్వాడు. పదకొండు యాభై తొమ్మిదికి దాన్ని సర్వర్‌లో పెట్టాడు.

అంకెలు పరుగెత్తాయి. తొంభై ఆరు వేలు. తొంభై ఎనిమిది. పన్నెండు కొట్టేసరికి 1,00,014. కేకలు, ఈలలు. ఫోన్‌లో సింగపూర్ నుంచి ఎవరో ఏడుస్తున్నట్టు అరుస్తున్నారు. తెరలోకి దూరి, ఇప్పుడు చేరిన వాళ్లెవరని చూసినవాడు ఒక్కడూ లేడు.

కేస్టర్‌ను మెట్ల కింద రాబర్ట్ హత్య కేసులో పట్టుకున్నారు. రాబర్ట్ వీపు మీద పడ్డ చెయ్యి ఎవరిదో బుక్‌స్టాల్ ముసలాయన గుర్తుపట్టాడు, కేస్టర్ డ్రైవర్‌ది. పోర్టల్‌కు మాత్రం ఏమీ కాలేదు. నాలుగో రోజుకే ఫండింగ్ వచ్చింది. కొత్త సీఈఓ వచ్చాడు. మళ్లీ పూజ, మళ్లీ ప్రార్థన.

* * *

అదే రోజు మూడు గంటలకు ఆనంద్ పాల్ నీలం డిస్క్‌ను ఇన్‌స్టిట్యూట్ పెరట్లో, కిష్టవ్వ చాయ్ కాచే కిరసనాయిల్ స్టవ్ మీద పెట్టాడు. ప్లాస్టిక్ కమిలి వంకరపోయి, కుంకుమ నల్లబడింది. ఘాటైన వాసన. చివరిదాకా అక్కడే నిలబడ్డాడు.

"ఏంది సారూ గది? నా పొయ్యి కరాబ్ చేస్తున్నవ్."

"పాత సామాను కిష్టవ్వా. పనికిరాదు."

ఆమె స్టవ్ తుడిచి గిన్నె పెట్టింది. గ్లాసు అందిస్తూ అతని ముఖం కేసి కాక చెయ్యి కేసి చూసింది. చెయ్యి ఆగలేదు. ఆగకూడదని అతను దానికి ముందే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమెకు కనిపించలేదని ఆశపడ్డాడు.

వెనక గదిలో ఫోన్ మోగుతోంది. ఆగి, మళ్లీ మోగుతోంది. విద్యాసాగర్ లైను.

"గంతసేపు మోగుతున్నది, ఎత్తవేంది? ఎవలు సారూ?"

ఆనంద్ పాల్ చాయ్ ఊదుకుంటూ అన్నాడు.

"మనచుట్టంలో ఇవాళే చేరిన పెద్దమనిషి. నాలుగు వేల మూడు వందల పన్నెండు సార్లు చేరాడు పాపం."